పిండి డబ్బాలో బోల్టు

అడలీన్ అక్కా,

నాన్న వదిలి వెళ్లిన తుపాకీని తమ్ముడు వెండెల్ చేతిలో పెట్టిన రోజు, "నువ్వు బాగానే ఉన్నావట్రా?" అని మనమెందుకు అడగలేదు? ఏళ్లుగా ఇదే ప్రశ్న నాకు.

నిన్న వెర్మాంట్ శాసనసభ జరిపిన ప్రజాభిప్రాయ సమావేశంలో, వారసత్వంగా వచ్చిన తుపాకీకీ లైసెన్సు ఉండాలని, అదీ ఇంటివాళ్లను విచారించాకే ఇవ్వాలని మాట్లాడాను. నా వెనకే వెండెల్ నారింజరంగు వేట టోపీతో లేచాడు. కాదంటాడేమోనని భయపడ్డాను.

"మా ఆవిడ చనిపోయిన ఏడాది చలికాలంలో ఈ అక్కే నా తుపాకీ పేలకుండా దాని బోల్టు ఊడదీసి పిండి డబ్బాలో దాచింది. అది దొరక్కే బతికానండీ. అక్క చేసే పాన్‌కేకులు మాత్రం ఇప్పటికీ ఇనుము వాసనే."

అందరూ నవ్వారు. నేను హాయిగా ఏడ్చాను.

బయటికొచ్చాక, "జింకల వేట మొదలవుతోంది, బోల్టు ఇచ్చెయ్యక్కా. కావాలంటే ఇప్పుడడుగు, బాగానే ఉన్నాను," అన్నాడు.

అడిగాను. నమ్మాలో వద్దో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లి