లక్షో కనెక్షన్ సభ

అన్నయ్యా,

మన కంపెనీ లక్షో ఇంటర్నెట్ కనెక్షన్ ఇస్తోందని ఆదివారం పెద్ద సభ పెట్టాం. నువ్వు మాత్రం రావద్దు. నీ చక్రాల కుర్చీ చూసి పెట్టుబడి పెట్టేవాళ్లు ఏమైందని అడుగుతారు. సేఫ్టీ బెల్టు అడిగినా ఇవ్వకుండా స్తంభం ఎక్కించారని నువ్వు చెప్పేస్తావు.

కంపెనీ కథను సినిమాగా తీయించాం. అందులో మొదటి కేబుల్ లాగింది నేనే. అది చూసి అమ్మ, "ఎక్కింది వాడు కదరా!" అంది.

"పడ్డవాణ్ణి చూపిస్తే చప్పట్లు ఎవరు కొడతారమ్మా?" అన్నాను.

నువ్వు ఇంట్లోనే లైవ్ చూడు. బొమ్మ ఆగకుండా మీ ఇంటి స్పీడు పెంచమన్నాను. అమ్మను తప్పకుండా పంపు. వేదిక మీద అందరి ముందూ నన్ను దీవించాలి. ఆ పూట నిన్ను మంచం దించడానికి మనిషి దొరకలేదు. అమ్మ తిరిగి వచ్చేదాకా కాస్త ఓర్చుకో.

నీ తమ్ముడు