మొండికేసిన సీటు

మోత్కూర్,
2024 అక్టోబరు 15, మంగళవారం.

ప్రియమైన అన్నకు,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున్నే ఎదురైంది. నీ సైకిలు సీటు మొండికేసింది! మొండికేయడం! ఎంత మంచి మాట అన్నా ఇది. పలుకుతుంటేనే కాళ్ళు నేలకు తన్నిపెట్టిన మేక కనిపిస్తుంది.

దసరా సెలవులయ్యాక ఇవాళే కాలేజీ తెరిచారు. సైకిలు బయటికి తీసి హ్యాండిల్ దగ్గరి మీట నొక్కాను. మామూలుగా అయితే కూర్చుని నొక్కగానే సీటు కిందికి దిగాలి, లేచి నొక్కితే పైకి రావాలి కదా. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పైనే బిగుసుకుపోయింది. సీటు కింది బ్యాటరీ నిండుగా ఉంది.

కాటమయ్య తాత సైకిలు దుకాణానికి తోసుకుంటూ పోయాను. తాత సీటు కింది గొట్టాన్ని వేలితో కొట్టి చూసి, "గీ కరెంటు సీటు నాతోని కాదు బిడ్డా. పీకేసి ఇనుప రాడ్ ఏస్త, ఇగ నీకు ఫికర్ ఉండది" అన్నాడు.

హైదరాబాద్‌లో బాగుచేసేవాళ్ళు ఉన్నారట. అక్కడికి పంపనా, రాడ్ వేయించనా? ఫోనులో అడిగితే "చూద్దాం తియ్" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో కట్ చేయలేవు. అందుకే రాస్తున్నాను.

నీ చెల్లె,
హరిత


కల్వకుర్తి,
అక్టోబరు 20, ఆదివారం.

ప్రియమైన పండితురాలికి,

నీ ఉత్తరం ఎరువుల దుకాణానికే వచ్చింది. నాతో పనిచేసే రాజేశ్ గట్టిగా చదివి అందరికీ వినిపించాడు. "మొండికేసింది" దగ్గర అందరూ నా మొహం చూసి నవ్వారు, ఎందుకో మరి.

రాడే వేయించు. ఆ సీటు నాకిక ఎందుకు? గుట్ట మీది నుంచి పడి మోకాలు విరిగిన తర్వాత అది పూర్తిగా వంగడం లేదని నీకు తెలుసు. కాలు సీటు మీదుగా తిప్పి ఎక్కలేను. కిందికి ఉన్న సీటు మీద కూర్చుంటే తొక్కేటప్పుడు మోకాలు మరీ మడవాలి, ప్రాణం పోతుంది. సైకిలు రాజేశ్‌కు ఇస్తానని మాటిచ్చాను. వచ్చే నెల వచ్చి తీసుకుపోతాడు. అంతవరకు నువ్వు తొక్కు.

డాక్టర్ మెల్లగా తొక్కమన్నాడని అమ్మ నీతో చెప్పే ఉంటుంది. చెప్పడం తేలికే.

ఇట్లు,
నీ అన్న నవీన్


మోత్కూర్,
అక్టోబరు 27, ఆదివారం.

ప్రియమైన మొండి అన్నకు,

కూర్చుని చదువు. నిలబడి చదివితే ఎగురుతావు.

నీ ఉత్తరంలో రెండు వాక్యాల కింద గీత గీశాను. ఎక్కాలంటే సీటు కిందికి ఉండాలి. తొక్కాలంటే పైకి ఉండాలి. ఇనుప రాడ్ ఈ రెండూ చేయలేదు. నీ కరెంటు సీటు చేసే పనే అది! గుట్టలు దిగడానికని కొన్నావు కానీ, అది నీ మోకాలి కోసమే పుట్టింది.

నమ్మకం కుదరక నాయిన తువ్వాలతో నా మోకాలు బిగించి కట్టుకుని ఎక్కి చూశాను. పైకి ఉన్న సీటు మీదికి కాలు పోలేదు. సైకిలుతో సహా పోయి గోడకు గుద్దుకున్నాను. నాయిన మగ్గం గుంటలోంచి తల ఎత్తి, "ఓ పిల్లా, ఇంట్ల కుంటోడు ఒక్కడుంటె సాలదా?" అన్నాడు. అమ్మ ఆయన్ని తిట్టిన తిట్లు రాయను, పోస్టాఫీసు వాళ్ళు చదివితే బాగుండదు.

సరే, హైదరాబాద్ పంపుదామని గొట్టం విప్పుతూ బ్యాటరీ తీశాను. అది కూర్చునే చోట, బంగారు రంగు పిన్నుల మీద, ఎర్రగా ఎండిపోయిన ముద్ద! తుప్పు అనుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే పసుపు వాసన.

"అమ్మా, దసరనాడు సైకిల్‌కు బొట్టు ఎక్కడ పెట్టినవ్?"

"ఎక్కడేందే? మగ్గానికి పెట్టిన, నేసే నాడెకు పెట్టిన, సైకిల్‌కు పెట్టిన. గా సీటు కింద జర తళతళ మెరిసింది. గదే దాని పానం అనుకున్న. ఆడ నిండుగ పెట్టిన."

ఆ రోజు బ్యాటరీ తీసి ఇంట్లో చార్జింగ్‌కు పెట్టాను. అమ్మ సరిగ్గా దాని ప్రాణం మీదే బొట్టు పెట్టింది! నేనేమో చూసుకోకుండా దాని మీదే బ్యాటరీ తగిలించాను.

పాత బ్రష్షుకు శానిటైజర్ తడిపి మెల్లగా రుద్దాను. ఆరనిచ్చాను. కూర్చుని నొక్కాను. సీటు ఉస్సురని కుంగింది! లేచి నొక్కితే నిక్కింది! కుంగడం, నిక్కడం. అమ్మ రెండు చేతులూ జోడించి, "నా బొట్టే కాపాడింది" అంది.

ఇది రాజేశన్నకు పోవలసిందేనా? ఒక్కసారి ఎక్కి చూసి, అప్పుడు చెప్పు. ఎక్కకుండా చెప్పే జవాబు నాకు వద్దు.

ఎదురుచూసే,
హరిత


మోత్కూర్,
నవంబరు 16, శనివారం.

ప్రియమైన చెల్లెకు,

పైన ఊరి పేరు పొరపాటున రాయలేదు. స్టాంపు కోసం వెతకకు. కాలేజీ నుంచి రాగానే సైకిలు దగ్గరికే పోతావని తెలిసి దీన్ని సీటుకు కట్టాను.

ఇన్ని రోజులు జవాబు రాయలేదు. ఎక్కకుండా రాయొద్దన్నావు కదా. నువ్వు పొద్దున అటు పోయావు, నేను ఇటు బస్సు దిగాను.

సీటు దించాను. కూర్చున్నాను. రెండు పాదాలూ నేలకు ఆనాయి. అప్పుడు కొంచెం లేచి నొక్కితే సీటు కింది నుంచి మెల్లగా నన్ను పైకి తీసుకుంది. మన గల్లీ చివరి వరకు తొక్కాను. మోకాలు నొచ్చింది, అబద్ధమెందుకు. ఆపి, దించి, తిప్పుకుని, మళ్ళీ తొక్కుతూ వచ్చాను. అమ్మ వెనకనే ఉరికింది, "పైలం కొడుకా, పైలం!" అని గల్లీ అంతా వినబడేటట్టు అరుస్తూ. నాయిన మగ్గం ఆపి వాకిట్లో నిలబడ్డాడు. నాయిన పని మధ్యలో మగ్గం ఆపడం ఎప్పుడైనా చూశావా?

రాజేశ్‌కు ఫోన్ చేసి సైకిలు ఇవ్వనన్నాను. వాడు నవ్వి, "మీ చెల్లె ఉత్తరం సదివిననాడే నాకు ఎరికైంది, అది నాకు రాదని" అన్నాడు.

ఇక చదవడం ఆపి తల ఎత్తు. మగ్గం పక్కన చాయ్ తాగుతున్నది నేనే. నాయిన పాత సైకిలుకు గాలి కొట్టించి పెట్టాను, అది నీకు. రేపు పొద్దున అయిదున్నరకు నన్ను లేపు. చెరువుకట్ట దాకా పోదాం. అమ్మ బయలుదేరేముందు బొట్టు పెడతానంటోంది. హ్యాండిల్‌కు పెట్టనివ్వు. సీటు దగ్గర మాత్రం నువ్వు కాపలా ఉండు.

నీ అన్న,
నవీన్