వేరే బండి మీటరు

యాదగిరీ,

ఎట్లున్నవని అడగబోయి ఆగిన. నువ్వు పోయి పదకొండు నెలలయింది, ఇంకా గదే అలవాటు. వచ్చే నెల సంవత్సరీకం.

ఈ ఉత్తరం రాయకనే ఊకుందామనుకున్న. మూడుసార్లు కాయితం ముందల పెట్టుకొని మూడుసార్లు లేచిపోయిన. లేని మనిషికి ఉత్తరమేంది, ఏ డబ్బాల వేస్త, ఎవరు తెచ్చిస్తరు... ఏడో తరగతి దాటనోన్ని, బతికున్నోళ్ళకే ఎన్నడూ రాయలేదు. కానీ ఒక సంగతున్నది. ఎవరికి చెప్పినా సగమే అర్థమయితది. మిగిలిన సగం నీకు తప్ప తెల్వదు. అందుకే కూసున్న.

ముందుగాల ఇంటి ముచ్చట్లు. సుజాత పిండి పని ఇడువలేదు. చైతన్యపురి హాస్టళ్ళకు నువ్వు బండికి రెండు దిక్కులా క్యాన్లు కట్టుకొని మోసిన దోశపిండి ఇప్పుడు నీ పెండ్లామే ఆటోల పెట్టుకొని పోతున్నది. ఐదు హాస్టళ్ళల్ల మూడు నిలబడ్డయి. ఎల్బీనగర్ల మీ ఇంట్ల గ్రైండరు ఎప్పటి లెక్కనే పగలంతా మొత్తుకుంటున్నది. మీ అక్క మోకాళ్ళు ఎప్పటి లెక్కనే. నేను గూడ ఎప్పటి లెక్కనే. నువ్వుంటే 'అదే గద బావా, మా అక్క బాధ' అందువు.

నీ బండి మా గోడ పక్కకే ఉండె. పోలీసులు ఇచ్చినంక తెచ్చి గోనెసంచులు కప్పినం. పిండి ఎండిపోయి ఇంజను మీద సున్నం లెక్క పట్టుకున్నది. ఎవ్వరం కడగలేదు. నాగోల్ మలుపుల, పొద్దుగాల, నువ్వు పడ్డ చోట రోడ్డు ఎంత తెల్లగుండెనో... కారు గుద్దలేదు, ఇంకో బండి తగలలేదు. ఇసుక మీద జారిండని రాసుకున్నరు. చాయ్ బండాయన మాత్రం హ్యాండిలు గజగజ ఊగిందన్నడు. నేను ఆ మాట పట్టించుకోలేదు. నేను చూసి ఇప్పిచ్చిన బండి ఊగుడేంది అనుకున్న.

పోయిన నెల సుజాత వచ్చి బండి అమ్మిపెట్టుమన్నది. పిండి క్యాన్లు చూస్తే ఆటోలోళ్ళు ఆపుతలేరట. ఇది ఇచ్చేసి పాత స్కూటీ ఒకటి తీసుకుంటదట. నాగోల్ల కొరియర్ పని చేసే ఒకాయన అడిగిండు. ఆయన షరతు ఒక్కటే. మీటర్ల తాత, అంటే నేను, చూసి సక్కగున్నదంటే కండ్లు మూసుకొని తీసుకుంటడట.

మళ్ళ నా మాటే కావాలె. అదే బండి మీద, రెండోసారి.

నీకు తెల్వనిది కాదు గానీ, ముసలోన్ని, చెప్పనియ్యి. దిల్‌సుఖ్‌నగర్ల డిపో ఎనక సందుల ముప్పై ఏండ్లు మీటర్లు విప్పి బిగించిన. కూసుంటే మోకాలు గోడకు తగిలే దుకాణం. పాత బండ్లమ్మే కన్సల్టెన్సీలోళ్ళు తెస్తే అరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండిని పావుగంటల ఇరవై వేల మీదికి తెచ్చిన చేతులివి. పుణ్యం కాదని తెలుసు. కానీ గా పాపం చేసీ చేసీ తిప్పిన మీటరును దూరం నుంచే గుర్తుపట్టుడు నేర్చుకున్న. అంకెలు ఒక్క గీత మీద నిలబడవు, ఏదో ఒకటి జర కిందికి చూస్తది. అద్దం చుట్టున్న రేకు అంచు మీద స్క్రూడ్రైవరు గాటు ఉంటది. 'బావా, నన్ను గూడ జర నా పెండ్లికి ముందటికి తిప్పు' అని నువ్వు సుజాత ముందలనే అంటుంటివి. ఆమె వంటింట్లకెల్లి గరిటె పట్టుకొని వస్తుండె.

తర్వాత లైట్లల్ల అంకెలు కనబడే మీటర్లు వచ్చినయి. నా స్క్రూడ్రైవర్లకు పని పోయింది, దుకాణం మూసిన. అయినా పాత బండి కొనేటోళ్ళు ఇల్లు వెతుక్కుంట వచ్చేటోళ్ళు. చాయ్ తాగిపిస్తరు, బండి చూపిస్తరు, నేను చుట్టు ఒకసారి తిరిగి ఒక్క మాట చెప్త. సక్కగున్నది, లేకపోతే ఒద్దు. అంతే. గా ఒక్క మాట కోసం రోజూ పొద్దుగాల గడ్డం గీసుకొని, ఇస్త్రీ అంగీ తొడుక్కొని కూసుండేటోన్ని. మీ అక్క నవ్వేది. నువ్వు మాత్రం నవ్వలేదు, ఇప్పుడు యాదికొస్తున్నది.

నీ బండి కొన్న రోజు యాదికున్నదా? రెండేండ్లయింది. శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం వస్తదని నువ్వు పరేషాన్. జేబుల నిమ్మకాయలు, చేతిల కొబ్బరికాయ. టైర్ల కింద పెట్టి తొక్కిచ్చుడే తక్కువ. నేను మీటరు చూసిన. ఇరవై మూడు వేలు. అంకెలు సిపాయిల లెక్క వరుసగ నిలబడ్డయి. రేకు అంచు మీద గీత లేదు. కాళ్ళు పెట్టే రబ్బర్లు మాత్రం పండ్లూడిన నోరు లెక్క అరిగిపోయి ఉండె. ఇరవై మూడు వేలకే గిట్ల అరుగుతయా అని జరసేపు ఆగిన. 'ముందటోడు కాళ్ళు ఊపుకుంట నడిపిండేమో తియ్యి బావా, పదిన్నర అయితున్నది' అన్నవు.

మీటరును ఎవ్వడూ తిప్పలేదు, అది ఖాయం. నాలుగు స్క్రూలు తీసి ఎనక దిక్కు గూడ చూసుంటే... తీయలేదు. సక్కని బండి అన్న. నువ్వు నిమ్మకాయలు తొక్కిచ్చినవు.

పోయిన నెల కొరియరాయన కోసం ఆ స్క్రూలు తీసిన. మీటరు ఎనక చిన్న చీటీ అంటించి ఉంటది, తయారయిన నెల, ఏడాది. చదివిన. కండ్లద్దాలు తుడుచుకొని మళ్ళ చదివిన. బండి మెడ మీద, అది తయారయిన ఏడాది కొట్టిన పలక చూసిన. బండి కంటె మీటరు రెండేండ్లు పెద్దది.

బండి పుట్టకముందే దాని మీటరు ఎట్ల పుడుతది?

అర్థమయింది గద. అది తిప్పిన మీటరు కాదు. ఇంకేదో బండిది విప్పి తెచ్చి దీనికి పెట్టిండ్రు. అది చెప్పిన ఇరవై మూడు వేలు నిజమే, కాకపోతే వేరే బండి సంగతి. నేను మీటరు నిజాయితీ చూసి బండిని మెచ్చుకున్న. ఇట్లాంటి తప్పు మీటర్లు తెలిసినోడే చేస్తడు. ఏం తెల్వనోడయితే అరిగిన రబ్బర్లు చూసి ఒద్దనేటోడు.

ట్యాంకు విప్పిన. హ్యాండిలు మెడ కింద అతుకు. ఇరిగిన చోట వెల్డింగు పెట్టి నల్లరంగు పూసిండ్రు. దాని పక్కకే ఇంకో అతుకు, కొత్తది, రంగు గూడ లేదు. అమ్మేటోడు పెట్టిస్తే రంగు వెయ్యకుండ ఇడుస్తడా? ఆ ఆలోచన నాకప్పుడు రాలేదు. నా తలకాయల ఒక్కటే తిరుగుతున్నది. చాయ్ బండాయన మాట.

ఇంక కూసుండలేకపోయిన. బండి ఎక్కడిదో, దానికి ఏమయిందో తెలుసుకోవాలె. తెలిస్తేనే కొరియరాయనకు మాట చెప్పేది. ఆర్సీల నీ పేరు. నీకంటె ముందటోళ్ళ పేర్ల కోసం ఫోన్ల నంబరు కొట్టిచ్చి చూస్తే పేర్లు దాచి అన్నీ చుక్కలే. చివరికి ఎనక మడ్‌గార్డు లోపల మట్టి కడిగితే షోరూము స్టిక్కరు ముక్క బయటపడ్డది. చౌటుప్పల్.

ఎల్బీనగర్ చౌరస్తకు పోయిన. మీద ఫ్లైఓవర్లు, కింద అండర్‌పాసులు, నడుమ నేను. బస్సు ఎక్కడ ఆగుతదో అడుగుదామంటే అందరు చెవులల్ల ఏదో పెట్టుకున్నోళ్ళే. నువ్వు ఊరి నుంచి మొదటిసారి వచ్చి దిగింది గీడనే గద. ఆటోవాడు మీటరు వెయ్యనంటే, మా బావ ఈ పట్నంల మీటర్లకు డాక్టరు, నీది గూడ బాగు చేస్తడని వానితోటి కొట్లాడి, వాన్ని తీసుకొని సక్కగ నా దుకాణానికొచ్చినవు. వాని మీటరు బాగనే ఉండె. వానికి వెయ్యబుద్ధి గాలేదు, అంతే. ముగ్గురం చాయ్ తాగినం.

బస్సు దొరికింది. చౌటుప్పల్ షోరూముల కంప్యూటరు ముందలున్నామె బండి నంబరు కొట్టి చూసింది. ఆఖరి సర్వీసు నాటికే నలభై ఒక్క వేలు తిరిగింది. ఆ తర్వాత ఒకసారి డీసీఎం వ్యానుల వేసుకొచ్చిండ్రట. రిపేరుకు ఎంతయితదో రాయించుకున్నరు, చేయించలేదు. ఓనరు ఎవరమ్మా అంటే చెప్పగూడదన్నది. నా మొఖం చూసి ఏమనుకున్నదో, బస్టాండు ఎదురుంగ సిమెంటు దుకాణం అన్నది.

సిమెంటు దుకాణమాయన కుంటుకుంట లేచి కుర్చీ వేసిండు. బండి ట్రాక్టరు ట్రాలీ కిందికి పోయిందట. ముందర దిక్కంతా నుజ్జు. మీటరయితే దొరకనే లేదట. ఆయన కాలుల ఇప్పటికీ రాడ్డు ఉన్నది. పాతసామాను కింద ఇచ్చేసిండు, అది మళ్ళ రోడ్డెక్కుతదని అనుకోలేదు. ఇంక అడిగేది ఏం లేదని లేస్తున్న. అప్పుడన్నడు, రెండేండ్ల కింద గూడ ఒకాయన వచ్చి అచ్చం గీ ప్రశ్నలే అడిగిండని. సన్నటి మనిషి, ప్యాంటు మీద పిండి మరకలని.

నేను మళ్ళ కూసున్న.

కొన్న నెలకే వచ్చినవట. హ్యాండిలు ఒక దిక్కు లాగుతున్నదని ట్యాంకు విప్పిచ్చి, అతుకు చూసి, మడ్‌గార్డు కింద గదే స్టిక్కరు చదివి... నేను ముప్పై ఏండ్ల పనితనంతోని ఇప్పుడు పట్టింది, నువ్వు నెల రోజులల్ల పట్టినవు. అమ్మినోనికి వాపస్ ఇచ్చెయ్యి, కావాలంటే నేనొచ్చి సాక్ష్యం చెప్తనని ఆయన అన్నడట. నువ్వు ఒద్దన్నవట. నువ్వేమన్నవో ఆయనకు మాట మాటకు యాదికున్నది.

'వాపస్ ఇస్తే మా బావకు తెలుస్తది. ఆయన చూసి సక్కగున్నదన్న బండి ఇది. తప్పయిందని తెలిస్తే ఇంక ఏ బండినీ చూడడు. ఆయనకు గిదొక్కటే మిగిలింది. నేను అతికిచ్చుకొని మెల్లగ నడుపుకుంట తియ్యి.'

మెల్లగ నడుపుకుంట...

చైతన్యపురి మెట్రో కింద నువ్వు పోతుంటే హోటలు కాడికెల్లి ఎన్నిసార్లు కేకేసిన. గుర్రం లాంటి బండి ఇప్పిస్తే బర్రెను తోలినట్లు తోలుతవేందిరా అని. పది మంది నవ్వేటోళ్ళు. నువ్వు గూడ నవ్వేటోనివి. 'జోరుగ పోతే పిండి పొర్లుతది బావా' అంటివి. నేను నమ్మిన. పదిమందికి చెప్పి మళ్ళ నవ్విన.

ఒక్క మాట చెప్పుంటే ఏమయితుండె యాదగిరీ? నా మొఖం మీదనే తిట్టుంటే ఏమయితుండె? నాలుగు రోజులు అన్నం తినకపోదును, ఐదో రోజు తిందును. ముసలోని ఇజ్జత్ ముందట సుజాత యాదికి రాలేదా నీకు? ఆ పొద్దు హ్యాండిలు లాగి పడ్డవా, ఇసుక మీద జారినవా... ఇది ఎవర్ని అడగాలె? నా మీద కోపం ఒక్కటే ఉంటే మోస్తుంటి. ఇప్పుడు నీ మీద గూడ వస్తున్నది. పోయినోని మీద కోపమొస్తే యాడ పెట్టుకుంటరు?

ఇంటికొచ్చి మీ అక్కకు మొత్తం చెప్పిన. బియ్యంల రాళ్ళు ఏరుతున్నది. చెయ్యి ఆగలేదు, తల ఎత్తలేదు. ఆమెకు ముందుగాలనే తెలుసా? అడగలేదు. తెలుసంటే నేనేం గావాలె?

ఆదివారం కొరియరాయన వచ్చిండు. చెప్పులు వాకిట్ల ఇడిసి, చేతులు కట్టుకొని నిలబడ్డడు, పెద్దమనిషి మాట కోసం. సుజాత గూడ వచ్చింది. సక్కగున్నదని ఒక్క మాటంటే ఆమెకు స్కూటీ వచ్చేది. నా పేరు నాకుండేది. నువ్వు దాసిన మాట దాసినట్లే ఉండేది. మనిషిని చూసిన. మెడల కంపెనీ కార్డు, బుజం మీద సంచి బెల్టు ఒరిసిన గుర్తు.

"ఒద్దు నాయనా," అన్న. "ఇది ఇరిగి అతికిన బండి. నేనే తప్పు చూసి ఇప్పిచ్చిన. మా బామ్మర్ది దీని మీదనే పోయిండు."

ఆయన చెప్పులేసుకొని పోయిండు. సుజాత నిలబడ్డ చోటనే నిలబడ్డది. 'నువ్వు చూసి చెప్పిన బండే గద అన్నా' అన్నది. అవును చెల్లె అన్న. నువ్వు అన్నీ తెలిసే నడిపినవన్నది గూడ చెప్పిన. దాచనీకి నాకు ఓపిక లేదు. ఆమె వాకిలి దిగి పోయింది. అప్పటి నుంచి మా ఇంటి దిక్కు రాలేదు.

ఆ సాయంత్రానికే హోటలు కాడ అందరికి తెలిసిపోయింది. సొంత బామ్మర్దికే పగిలిన బండి అంటగట్టిండని. నిజమే గద, ఎవర్ని ఏమంట? ఇంక నన్ను బండి చూడుమని ఎవ్వరూ రారు. వచ్చినా చూడను. నువ్వు భయపడ్డదే అయింది. ఏడాది మీద నువ్వు మోసిన మాటను నేను ఒక్క నిమిషంల కింద పడేసిన. తిట్టుకుంటే తిట్టుకో. నా పేరు కోసం ఇంకొకర్ని దాని మీద ఎక్కియ్యలేక పోయిన.

సంవత్సరీకానికి ముందే సుజాత కాడికి పోత. తలుపు తీస్తే మంచిది, తీయకుంటే గడపల కూసుంట. పొద్దుగాల క్యాన్లు ఆటోలకు ఎత్తనీకి మనిషి కావాలె గద. మోకాళ్ళు పోయింది మీ అక్కవి, నావి కాదు. రోజూ పోత. ఇది నీకు ఇస్తున్న మాట. నా మాటకు ఇప్పుడు ఏం ఇలువున్నదో నాకు తెల్వదు, ఉన్నదే ఇస్తున్న.

నిన్న బుధవారం పాతసామానోళ్ళ ట్రాలీ ఆటో వచ్చింది. బండి మెడ మీద నంబరు కొట్టిన ముక్క కోయించి నా దగ్గర పెట్టుకున్న, అది మళ్ళ రోడ్డెక్కకుండ ఆర్సీతోపాటు ఆర్టీఓ ఆఫీసుల ఇయ్యాలె. మిగిలింది ఇద్దరు ఎత్తి ట్రాలీల వేసుకున్నరు. మీ అక్క డ్రైవరుకు మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగి, గ్లాసు గోడ మీద పెట్టి పోయిండు.