హర్షను డెస్మండ్‌కి అప్పగించాను

మిల్టన్, అక్టోబరు

బంగారు తండ్రి హర్షకు,

ఫోన్లో నువ్వు ఊఁ, ఆఁ అనడం తప్ప మాట్లాడవు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో. మోకాలు ఎలా ఉంది? మాంట్రియల్‌లో అప్పుడే చలి ముదిరిందని మీ చెల్లి భవిత చెప్పింది. తల తడిగా ఉండగా బయటికి వెళ్ళకు. బస్సులో పక్కకి వాలి నిద్రపోకు, మెడ పట్టేస్తుంది.

డెస్మండ్ ఎలా ఉన్నాడు? మీ బాస్కెట్‌బాల్ జట్టంతా పాతికేళ్ళు నిండని పిల్లలేనని, ఆయనొక్కడే నలభైకి దగ్గరపడ్డ కెప్టెనని చెప్పావు కదా. అందుకే మీ మొదటి ఆటకి వచ్చినప్పుడు, పెళ్ళికూతుర్ని అప్పగించినట్టు నీ చెయ్యి ఆయన చేతిలో పెట్టాను. నువ్వు సిగ్గుతో చచ్చిపోయావు. ఆయన మాత్రం నవ్వలేదు. రెండు చేతులతో పట్టుకున్నాడు. అప్పట్నించీ నాకు కాస్త నిద్ర పడుతోంది.

మన బేస్‌మెంట్లో అద్దెకున్న స్టూడెంట్లకి త్యాగరాజు కూడా అంతే. ఉద్యోగం మానుకుని ఇంత వయసులో చదువుకి వచ్చాడు. తిన్నావా, క్లాసుకి వెళ్ళావా అని కుర్రాళ్ళని వేధిస్తుంటాడు. అతనున్నాడని నాకు ధైర్యం.

సున్నుండలు పంపాను. సగం డెస్మండ్‌కి. నువ్వే తినేయకు.

నీ గురించే దిగులుపడే
అమ్మమ్మ

మాంట్రియల్, నవంబరు

ప్రియమైన అమ్మమ్మకి,

మోకాలు బాగానే ఉంది. డెస్మండ్‌కి సున్నుండలు ఇచ్చాను. "గ్రాండ్‌మా ప్రోటీన్ బాల్స్" అని పేరు పెట్టి ఒక్కపూటలో అవగొట్టాడు.

ఆయన మ్యాచ్‌లో అయిదు నిమిషాలు ఆడితే ఎక్కువ. మిగతా టైమంతా బెంచ్ మీద కూర్చుని మా మీద అరుస్తాడు. ప్రాక్టీస్ అయ్యాక నన్నొక్కణ్ణే ఆపి, ఎగరడం కాదు, కాళ్ళ మీద సరిగ్గా దిగడం నేర్పుతాడు. "పైకి ఎవడైనా వెళ్తాడు కిడ్" అంటాడు. వరసగా ఓడిపోతున్నప్పుడు మా ఫోన్లన్నీ లాక్కుని, అందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి తినిపించాడు. తర్వాత మ్యాచ్ గెలిచాం. అది ఆయన వల్లేనని అంటున్నారు. నేనొప్పుకోను. పాయింట్లు కొట్టింది మేము.

కోచ్ నిన్న నన్ను పిలిచి ఒక సంగతి అడిగాడు. తర్వాత చెప్తాలే. నాకు మంచిదే.

నీ హర్ష

మిల్టన్, డిసెంబరు

హర్షకు,

డెస్మండ్, వాళ్ళావిడ మనింటికి వచ్చారు. జట్టులోంచి తీసేశారటగా ఆయన్ని. నువ్వు ఒక్క మాట చెప్పలేదు.

"మీ మనవణ్ణి ఇక దగ్గరుండి చూడలేను, ఆ మాట మీకు చెప్పి వెళ్ళాలి కదా" అన్నాడట. భవిత తెలుగులో చెప్పింది. ఆయనకి అన్నం పెట్టాను.

తీసేసే ముందు కోచ్ కుర్రాళ్ళలో ఒకణ్ణి అడిగాడట, ఈయన మీకు అవసరమా అని. వాడు అక్కర్లేదన్నాడట. ఎవడని అడిగాను. "చిన్నవాడండీ, వదిలేయండి" అన్నాడు. వాళ్ళావిడ మాత్రం నా మొహం కేసి చూడలేదు.

కింద త్యాగరాజుని కూడా నస పెడుతున్నాడని కుర్రాళ్ళు పంపించేశారు. మూడోనాడే వాళ్ళలో సాయి తేజ అనేవాడు స్టవ్ మీద గిన్నె పెట్టి షిఫ్టుకి వెళ్ళిపోయాడు. ఇల్లంతా పొగ. ఒకడు జ్వరంతో పడుంటే పక్కగదిలో వాడికి తెలియదు. చెప్పేవాడుంటే విసుగు, లేకపోతే ఇదీ.

అక్కర్లేదన్నది నువ్వు కాదని రాయి. ఆ ఒక్క ముక్క చాలు.

అమ్మమ్మ

మాంట్రియల్, జనవరి

అమ్మమ్మకి,

నేనే.

ఆయన వెళ్తే కెప్టెన్సీ నాదేనన్నాడు కోచ్. ఆయన స్లో అయిపోయాడని, మాకు చెప్పేవాళ్ళు అక్కర్లేదని అన్నాను. ఏదో గొప్పగా అనిపించింది అప్పుడు.

ఇప్పుడు అన్నీ ఓడిపోతున్నాం. ఆఖర్లో ఎవడి ఆట వాడిదే. ఆట ఆపిన టైమవుట్‌లో అందరూ నా కేసి చూస్తారు, నేను స్కోర్‌బోర్డు కేసి చూస్తాను. ఎవడు భయపడుతున్నాడో, ఎవణ్ణి తిట్టాలో, ఎవణ్ణి వదిలేయాలో ఆయనకి తెలిసేది. నిన్న ఒకడి మీద అరిచాను. "నువ్వు డెస్మండ్‌వి కాదు" అన్నాడు.

ఆయన్ని అసిస్టెంట్ కోచ్‌గా తీసుకుంటామంటున్నారు. నేనడిగితే రాడు. నువ్వు చెప్తే కాదనడు. ఒక్కసారి ఫోన్ చేయవా?

హర్ష

మిల్టన్, జనవరి

శ్రీహర్షకు,

డెస్మండ్ వాళ్ళావిడకి భవిత చేత ఫోన్ చేయించాను. నీ పని మీద కాదు. ఆ మాట అన్నది మావాడేనని, క్షమించమని. ఆవిడకి ముందే తెలుసు. ఆయనకీ తెలుసు. నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నప్పుడే తెలుసు.

ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. సీజన్ మొదట్లోనే నీ మోకాలు చూసి కోచ్ నిన్ను ఇంటికి పంపేద్దామనుకున్నాడట. డెస్మండ్ అడ్డుపడ్డాడట. "వాళ్ళ అమ్మమ్మ వాడి చెయ్యి నా చేతిలో పెట్టింది. నా టైము వాడికివ్వండి, నేను నేర్పుకుంటాను" అన్నాడట. ఆయన అయిదు నిమిషాలే ఆడింది అందుకు. నీకు తెలియనివ్వద్దని భార్య దగ్గర మాట తీసుకున్నాడట. ఆవిడ ఆపుకోలేక నాకు చెప్పింది. నేనూ ఆపుకోలేను.

బయటివాడు మోసం చేస్తే నాలుగు తిట్టి ఊరుకుందును. నా చేతుల్లో పెరిగినవాడివి. ఎవర్ని తిట్టను?

నేను ఆయన్ని అడగను. ఏ మొహం పెట్టుకుని అడగను? నువ్వే ఫోన్ చెయ్యి. నువ్వు చేస్తే ఎత్తుతాడు. కోప్పడడు. బహుశా వస్తాడు కూడా. వచ్చి మళ్ళీ నిన్నే ముందు నిలబెడతాడు. అప్పుడు ఆయన పక్కన ఎలా నిలబడతావోనని నాకు భయంగా ఉంది.

హైమావతి