సాయంత్రం మేడ మీద

గౌసియా,

వెల్దుర్తి బస్సుకు వేళయింది, నిన్ను లేపలేదు. ఉప్మా మూతపెట్టి ఉంచాను. తిని స్కూలుకు వెళ్లు.

పదో తరగతి పరీక్షలు మార్చిలో అయితే నువ్వు నవంబరులోనే చదవడం మొదలుపెట్టావు. టీచరుగా నాకు సంతోషమే. కానీ బీరువాకు అంటించిన నీ టైంటేబుల్లో సాయంత్రం కూడా లెక్కలే రాసుకున్నావు. ఆ ఒక్క గడి కొట్టేశాను, కోపం తెచ్చుకోకు.

ఆ వేళ మీ అమ్మీది. పోయినేడు పరీక్షల ముందు రోజు కూడా నీ పుస్తకం లాక్కుని, "ఏందే, ఆ లెక్కలు యాడికి పోతయ్? బ్యాట్లు తీసుకొని మేడెక్కు!" అంది. నేను కింద పేపర్లు దిద్దుకుంటూ మీ ఇద్దరి కేకలు వినేవాణ్ణి. షటిల్ కాక్ పక్కింట్లో పడితే, "చంద్రమౌళి బాబాయ్, కాస్త ఇటు ఎయ్యండి!" అని అరిచేది ఆమే.

ఆమె పోయినప్పటి నుంచి నువ్వు మేడ ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు.

ఇవాళ స్కూలు వదలగానే బస్సెక్కుతాను. నాకు షటిల్ రాదని నీకు తెలుసు. నువ్వే నేర్పాలి.

అబ్బా

అమ్మీ బ్యాటు నువ్వు పట్టుకో. నీది నాకివ్వు.