ముద్దనూరు దాటాక

శనివారం రాత్రి, పులివెందుల లాడ్జి.

నిన్న సాయంత్రం ప్రొద్దుటూరులో సైకిళ్లు ఎక్కి, రాత్రంతా తొక్కి, జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా ఈ ఉదయం ఇక్కడికి చేరాం. ఇంటికి ఫోన్ చేసి బాగున్నానన్నాను.

భోజనం దగ్గర మా జట్టులోని ఓబులేసన్న మీద అరిచాను. పులివెందుల బోర్డు దగ్గర చూస్తే నా కుడిపక్కనే, లారీలకు అడ్డంగా తొక్కుతున్నాడు.

"ఏందన్నా అది? చావాలనుందా?"

ఆయన కలిపిన ముద్ద ప్లేటులోనే వదిలేశాడు.

"నువ్వు నిద్రపోతాంటివమ్మా. మూడుతూర్లు పిలిస్తి, పలకలే. కండ్లు తెరిచే ఉండాయి, కాళ్లు తొక్కుతానే ఉండాయి. బండి మాత్రం లారీల దిక్కు పోతాండె. అందుకే అడ్డమొస్తి."

నవ్వేద్దామనుకున్నాను. ముద్దనూరులో తాగిన టీ గుర్తుంది. తర్వాత పులివెందుల బోర్డు గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. ఒక్క చెట్టు కూడా లేదు.

రేపు తిరిగి అదే రోడ్డు. బస్సులో పోతానని అందరి ముందూ చెప్పలేకపోయాను. పడుకుని కళ్లు మూస్తే లారీ హారన్ వినిపించి లేచి కూర్చుంటున్నాను. నిద్ర ఇప్పుడు రావడం లేదు. రేపు ఆ రోడ్డు మీద వస్తుంది.