క్లచ్ లేని బండి

నాయనా, వంకర అక్షరాలకూ తప్పులకూ మన్నించు.

పడకలూ వంటగదీ ఉన్న పాత టూరిస్టు బండిని ఓనరు అమ్మేసి, అలాంటిదే, గేర్లు దానంతటదే మార్చుకునే కొత్త ఆటోమేటిక్ కొన్నాడు. దానికి క్లచ్ ఉండదు. చంద్రగిరి దగ్గర నీ అల్లుడు అలవాటుగా ఎడమకాలితో క్లచ్ అనుకుని బ్రేకు తొక్కేశాడు. లోపల టీ పోసుకుంటున్న పెద్దామె చేయి కాలింది.

"పన్నెండేండ్లు బండి తోలినోడివి, ఆ కాలు కట్టేసుకోలేవాబ్బా?" అని ఓనరు తాళాలు లాక్కున్నాడు.

ఇప్పుడు అన్నం తింటున్నా ఆయన ఎడమకాలు నేలను తొక్కుతూనే ఉంటుంది. చూడలేకపోతున్నాను.

మునస్వామి మామ మామిడికాయల లారీకి డ్రైవరు కావాలేమో అడుగు. గేర్ల బండే అయి ఉండాలి. ఎర్రావు ఈనిందా? అమ్మకు దండాలు.

సెలవు పెట్టానని ఆయన అందరికీ చెబుతున్నాడు. పోస్టాయన ఈ కార్డు ఎలాగూ చదివే ఉంటాడు. నువ్వైనా చదివి పొయ్యిలో పెట్టెయ్యి.

నీ లోకేశ్వరి